మేల్కొన్న కణానికే ఇన్సులిన్ మాట వినబడుతుంది

బయోకెమిస్ట్రీలో పీజీ సీటు వచ్చిన పిల్లలు చాలామంది మొదటిరోజు మొహాలు వేలాడేసుకుని వస్తారు. మెడిసిన్ రాలేదు, సర్జరీ రాలేదు, చివరికి ఇదే మిగిలిందని ఇంట్లోవాళ్లు కూడా వాళ్లను ఓదార్చి పంపుతారు. నేను మాత్రం కోరి చేరాను. వరంగల్‌లో ఒక వైద్య కళాశాలలో ఆ సబ్జెక్టు చెబుతూ, దాని దవాఖానలోని ల్యాబ్‌ను చూసుకుంటూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. మళ్లీ పుట్టినా అదే సీటు అడుగుతాను.

మా పని ఏమిటో బయటివాళ్లకు సరిగా తెలియదు. రక్తంలో చక్కెర ఎంతో చెప్పడం అనుకుంటారు. అది ఇప్పుడు మిషన్ చెబుతుంది. ఆ అంకె నమ్మదగినదేనా, దాన్ని పట్టుకుని ఎంతవరకు మాట్లాడవచ్చు, ఎక్కడ నోరు మూసుకోవాలి, ఇవి తేల్చేందుకే మనిషి కావాలి. ఆ తేల్చడం ఎలా ఉంటుందో ఒక మగ్గం కార్మికుడి కాలు, ఒక మొండి హెడ్డు, ఒక పీజీ అమ్మాయి నాకు బాగా చూపించారు. ఈ దారిలోకి వచ్చే మీకు ప్రమోషన్ల కథలు వేరేవాళ్లు చెబుతారు. నేను ఇది చెబుతాను.

చెప్పులేసుకుని కూర్చున్న మనిషి

ఒకరోజు పొద్దున సర్జరీ వార్డు నుంచి వచ్చిన శాంపిల్‌లో చక్కెర మరీ ఎక్కువ చూపించింది. ఇలాంటప్పుడు నేను రిపోర్టు మీద సంతకం పెట్టకుండా వార్డుకు నడుస్తాను. సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీసి పంపడం మన దవాఖానల్లో మామూలే. అలా తీస్తే ఆ అంకె మనిషిది కాదు, సెలైన్ సీసాది. మా పీజీ విద్యార్థిని నస్రీన్ నా వెంట వచ్చింది.

పేషెంటు పేరు సాంబయ్య. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి, కింద కర్రలు తొక్కుతూ నేసే మగ్గం ఆయనది. ఆ తొక్కుడులో కుడికాలి బొటనవేలి పక్కన చర్మం లేచిపోయింది. షుగర్ వల్ల కాలికి స్పర్శ తగ్గిపోవడంతో నొప్పి తెలియలేదు. తెలిసేసరికి వేలు నల్లబడి, చీము పాదంలోకి దిగింది.

చేతికి సెలైన్ లేదు. అంకె నిజమే. అయితే మంచం మీద సాంబయ్య చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన కాలికి కూడా చెప్పును ఎలాగో తగిలించుకున్నాడు.

"గోలీలియ్యుండ్రి, ఎన్నైనా మింగుత. సూదంటే మాత్రం ఇప్పుడే ఇంటికి వోత," అన్నాడు నన్ను చూడగానే.

పక్కన ఆయన భార్య భాగ్యమ్మ నిలబడి ఉంది. "ఈయన తమ్మునికి గిట్లనే ఇన్సులిన్ సూదులు వెట్టిండ్రు మేడం. పెట్టినంక కాలు దీసేసిండ్రు. కాలు దీసినంక మనిషి గూడ దక్కలే. గప్పటి సంది సూది పేరెత్తితే సాలు, గిట్ల ఒణుకుతాండు."

ఈ భయాన్ని మూఢనమ్మకమని కొట్టేయకండి. దాని వెనక కళ్లతో చూసిన సాక్ష్యం ఉంటుంది. మన దగ్గర ఇన్సులిన్ దాకా చాలామంది ఆఖరి దశలో వస్తారు. అప్పటికే పాడైన కాలు ఎలాగూ పోతుంది. చూసేవాళ్లకు మాత్రం ముందు సూది, తర్వాత కాలు పోవడం, ఆ తర్వాత చావు వరుసగా కనిపిస్తాయి. వరుసలో ముందున్నదే కారణమనుకోవడం సాంబయ్య ఒక్కడే చేసే పొరపాటు కాదు, పెద్ద చదువులవాళ్లం మేమూ రోజూ చేస్తాం.

సర్జన్ గారు అప్పటికే తేల్చి చెప్పారు. చక్కెర దిగితే వేలితో పోతుంది. దిగకుండా చీము పైకి పాకితే మోకాలి కింద తీసేయాలి. మోకాలి కింద కాలు లేని మనిషికి గుంట మగ్గం ఉండదు.

సాంబయ్యే నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "నా ఒంట్ల గింత చక్కెరున్నదంటాన్రు గద. మరి బలముండాలె. పుండు మానాలె. ఎందుకు మానుతలేదు?"

నేను నోరు తెరిచేలోపు భాగ్యమ్మే అంది. "ఇంట్ల బియ్యం మస్తున్నయ్, వండేటోళ్లే లేరన్నట్టున్నది నీ కత."

నస్రీన్ నా వైపు చూసింది. ఆ అమ్మాయి అడగబోయేది నాకు అర్థమైంది, తల ఊపాను. "కాకా, జర నీ రక్తం ఇయ్యి," అంది సాంబయ్యతో. "లోపలి కణాలు వండుతున్నయో లేదో నీ కండ్లకే చూపిస్త."

అద్దం కింద

చేసింది చాలా పాత పరీక్ష, ఏ కాలేజీలోనైనా చేసేదే. రక్తంలోని తెల్లకణాలకు ఈస్టు కణాలను ఎరగా వేసి, ఒంటి వేడిలో కాసేపు ఉంచి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడటం. సూక్ష్మజీవులను మింగే రకం తెల్లకణాలు ఈస్టును కూడా మింగుతాయి. ఎన్ని మింగాయో కడుపులో గింజల్లా కనిపిస్తాయి. పోల్చడానికి నస్రీన్ తన రక్తమే తీసుకుంది.

మధ్యాహ్నం సాంబయ్యను చక్రాల కుర్చీలో ల్యాబ్‌కు తీసుకొచ్చాం. ముందు నస్రీన్ కణాలు చూశాడు.

"లోపల గోళీల తీరున్నయి ఏంది?"

"అవి ఈస్టు కాకా. నా తెల్లకణం మింగినవి."

తర్వాత తన స్లైడు చూశాడు. చాలాసేపు చూశాడు. కణాల పక్కనే ఈస్టు పడి ఉంది. మింగిన కణాలు అక్కడొకటి ఇక్కడొకటి.

"నావి తింటలేవు," అన్నాడు. "మరి సూదేస్తే నావి గూడ తింటయా?"

నస్రీన్ మళ్లీ నా వైపు చూసింది. ఇలాంటి క్షణంలో అవునని చెప్పేయడం చాలా తేలిక. మనిషి ఆశగా అడుగుతున్నాడు, కాలు పోయేలా ఉంది, ఒక్క అబద్ధంతో ఒప్పుకుంటాడు. కానీ రేపు ఆ సూదితో కూడా కాలు దక్కకపోతే, ఆ వాడలో ఇంకెవరూ సూది వేయించుకోరు.

"తింటయని నేను రాసియ్యలేను సాంబయ్యా," అన్నాను. "చక్కెర దిగితే వాటికి చురుకొస్తది, చానామందిల చూసిన. దిగకపోతే మాత్రం కాలు దక్కదు. నాకు తెల్సింది గింతే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మా తమ్మునికాడ అందరు పక్కా అయితదన్నరు," అన్నాడు. "తెల్వదన్న మాట ఎవ్వలనలే." భాగ్యమ్మ వైపు తిరిగి చెప్పులు తీసేయమన్నాడు. "పెట్టుమను సూది."

ఇక్కడ ఒక మాట సూటిగా చెబుతాను. ఆ స్లైడు దేన్నీ రుజువు చేయలేదు. ఒక రోగి రక్తం, ఒక ఆరోగ్యవంతురాలి రక్తం పక్కపక్కన పెడితే అది శాస్త్రం కాదు. నస్రీన్‌కు ఆ సాయంత్రమే ఆ మాట చెప్పాను. అయినా ఆ రోజు చేసింది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. రోగికి అబద్ధం చెప్పలేదు, ఆయన రక్తాన్ని ఆయనకే చూపించాం, నిర్ణయం ఆయనే తీసుకున్నాడు.

"కూర్చో" అన్న హెడ్డు

మా విభాగాధిపతి దామోదర్ గారు. పాఠం చెప్పడంలో ఆయనను మించినవాళ్లను నేను చూడలేదు. ఆయనకు నచ్చని మాట విభాగంలో గాలికి కూడా వినిపించేది కాదు. తర్వాతి వారం సెమినార్‌లో నస్రీన్ తన థీసిస్ ఆలోచన చెప్పింది. ఇన్సులిన్ సంకేతం మనిషి రోగనిరోధక కణాల్లో గ్లూకోజ్ వాడకాన్ని ఎలా మారుస్తుందో చూస్తానంది.

దామోదర్ గారు మధ్యలోనే ఆపారు. "ఇన్సులిన్ కావలసింది కండరానికి, కొవ్వుకు. తెల్లకణంలోకి గ్లూకోజ్ దానంతటదే పోతుంది. మొదటి సంవత్సరం పిల్లలను లేపి అడిగినా చెబుతారు. నువ్వు పీజీవి. కూర్చో."

నస్రీన్ కూర్చుంది. నేను లేచాను. "పుస్తకం ఏమంటుందో నాకూ తెలుసు సర్. పరీక్ష చేసి చూద్దాం."

"తేడా రాకపోతే?"

"టాపిక్ మార్చుకుంటుంది."

నస్రీన్‌ను అడగకుండానే ఆ మాట ఇచ్చేశాను. ఆ కోపానికి ఆ అమ్మాయి ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

రక్తం నుంచి లింఫోసైట్లను, అంటే శత్రువును గుర్తుపట్టి మిగతావాటిని నడిపించే తెల్లకణాలను వేరు చేశాం. గ్లూకోజ్ ఉన్న ద్రవంలో ఉంచాం. సగం గొట్టాల్లో ఇన్సులిన్ కలిపాం, సగంలో కలపలేదు. ద్రవంలో గ్లూకోజ్ ఎంత తగ్గితే కణాలు అంత వాడుకున్నట్టు. ఫలితం వచ్చింది. తేడా లేదు. మళ్లీ చేశాం. తేడా లేదు.

దామోదర్ గారు కాగితం చూసి, "పుస్తకాలు రాసినవాళ్లు పిచ్చివాళ్లు కాదమ్మా," అన్నారు. వెటకారంగా అనలేదు, అది ఇంకా బాధగా ఉంది. నస్రీన్ కణాలను ఉంచే కల్చర్ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బయటికి వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"టాపిక్ మారుస్త మేడం. మీ మాట పోవద్దు."

"మార్చేముందు ఒకటి చెప్పు. మనం చూసిన కణాలు ఏం చేస్తున్నాయి?"

"ఏం చెయ్యట్లేదు మేడం. రక్తంల తిరుగుడే వాటి పని. జబ్బు లేనోళ్ల రక్తం కద..." అంటూనే ఆగిపోయింది. "నిద్రల ఉన్నయి!"

నిద్ర లేపాక

ఈ సంగతి మేము కనిపెట్టింది కాదు. అంతకు చాలాముందే ఇతర దేశాల ప్రయోగశాలల్లో తెలిసిపోయింది. మా ఊళ్లో, మా గొట్టాల్లో, మా కళ్లతో చూశాం, అంతే. కానీ చదవడం వేరు, చూడటం వేరు. అందుకే మీకు అర్థమయ్యేలా చెబుతాను.

శత్రువు లేనప్పుడు లింఫోసైట్ చాలా పొదుపుగా బతుకుతుంది. కొంచెం గ్లూకోజ్ చాలు. అప్పుడు దాని పైపొర మీద ఇన్సులిన్‌ను అందుకునే రిసెప్టర్లు దాదాపు ఉండవు. ఇన్సులిన్ ఎంత పిలిచినా వినే చెవి లేదన్నమాట. శత్రువు ఎదురుపడితే కణం మేల్కొంటుంది. ఒకటి నాలుగై, నాలుగు పదహారై పెరగాలి. దానికి బోలెడు గ్లూకోజ్ కావాలి. అప్పుడు రిసెప్టర్లు పైకి వస్తాయి. ఇన్సులిన్ వచ్చి వాటిని పట్టుకోగానే కణం లోపల ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని తట్టిలేపుతుంది, అది మరోదాన్ని. ఆ కబురు అందుకుని గ్లూకోజ్‌ను మోసే ప్రోటీన్లు పైపొర మీదికి చేరతాయి, లోపల గ్లూకోజ్‌ను విరగ్గొట్టే పని ఊపందుకుంటుంది. ఇన్సులిన్ ఒక్కటే ఈ పని చేయదు, వేరే సంకేతాలూ ఉన్నాయి. అయితే అది కూడా ఒక చెయ్యి వేస్తుంది.

కాబట్టి కణాలను లేపాలి. రాజ్మా గింజల నుంచి తీసే ఒక ప్రోటీన్ తగిలితే లింఫోసైట్లు శత్రువు వచ్చిందనుకుని లేస్తాయి. దాన్ని తెప్పించాం. కణాలను కొన్ని రోజులు బతికించాలి కాబట్టి మైక్రోబయాలజీ వాళ్ల ఇంక్యుబేటర్‌లో ఒక అర అడుక్కున్నాం. మొదటిసారి బూజు పట్టి మొత్తం పారబోశాం. రెండోసారి కణాలు గుత్తులు గుత్తులుగా పెరిగాయి. వాటికి ఇన్సులిన్ కలిపి, కలపనివాటితో పోల్చాం.

ఇన్సులిన్ కలిపిన గొట్టాల్లో గ్లూకోజ్ ఎక్కువ తగ్గింది. నస్రీన్ కాగితం నా చేతిలో పెట్టి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

దామోదర్ గారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. "ఏ గొట్టంలో ఏముందో మీకు తెలుసు. తెలిసినవాళ్ల చేతికి తమకు కావలసిందే కనిపిస్తుంది. మళ్లీ చేయండి. ఇన్సులిన్ నేను వేరేవాళ్లతో కలిపించి, గొట్టాల మీద గుర్తులు వేస్తాను, మీకు చెప్పను."

నస్రీన్‌కు ఒళ్లు మండింది. "గెలిచినా ఒప్పుకోడు మేడం!" అంది బయటికి రాగానే. నాకు మాత్రం ఆ మాటతో ఆయన మీద గౌరవం పెరిగింది. మన ఫలితం నచ్చని బాస్ చేయగల పనులు చాలా ఉంటాయి. ఫైల్ తొక్కిపట్టవచ్చు, మనిషిని బదిలీ చేయించవచ్చు. మళ్లీ చేయమనడం వాటన్నిటికంటే మర్యాద గల పని. అలాంటి హెడ్డు దొరికితే అలగకుండా మళ్లీ చేయండి.

మళ్లీ చేశాం. దామోదర్ గారు తన జేబులోని కాగితం తీసి, మా అంకెల పక్కన పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో గొట్టం సరిచూశారు. ఆయన ఇన్సులిన్ కలిపించిన గొట్టాల్లోనే గ్లూకోజ్ ఎక్కువ తగ్గింది. పొంతన కుదరని గొట్టం ఒకటి ఉంది, దాన్ని కూడా గీత గీసి చూపించారు. తర్వాత, "నీ టాపిక్ నీదేనమ్మా," అన్నారు నస్రీన్‌తో.

మరుసటి ఏడాది మొదటి సంవత్సరం క్లాసులో ఆయన పాఠం చెబుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. "తెల్లకణానికి ఇన్సులిన్ అక్కర్లేదు" అని ఎప్పటిలాగే బోర్డు మీద రాశారు. తర్వాత తిరిగి, "ఇది విశ్రాంతిలో ఉన్న కణం సంగతి. మేల్కొన్న లింఫోసైట్ సంగతి వేరు. ఆ తేడా నాకు చూపించింది నా విద్యార్థిని," అన్నారు. ఆ మాట అనడానికి ఆయన వయసులో ఎంత పెద్ద మనసు కావాలో ఆ పిల్లలకు తెలియదు.

సాంబయ్య కాలు

ఈలోగా సాంబయ్యకు బొటనవేలు తీసేశారు. చీము కడిగారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు, ఇన్సులిన్‌తో చక్కెరను దించారు. పాదం దక్కింది.

ఇందులో ఎంత వాటా కత్తిది, ఎంత మందుది, ఎంత ఇన్సులిన్‌ది అని అడిగితే విడదీసి చెప్పలేను. అలా చెప్పేవాళ్లను నమ్మకండి. ఒకటి మాత్రం స్పష్టంగా గుర్తుపెట్టుకోండి. పుండు దగ్గర సూక్ష్మజీవులను మింగే కణాలు వేరు, మేము గొట్టాల్లో లేపిన లింఫోసైట్లు వేరు. మింగే కణాలు గ్లూకోజ్ కోసం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడవు. చుట్టూ చక్కెర మితిమీరితే మాత్రం మందగిస్తాయి. లింఫోసైట్లు మేల్కొన్నాక ఇన్సులిన్ మాట నేరుగా వింటాయి. ఇన్సులిన్ ఒకవైపు చక్కెరను దించి సాయపడుతుంది, మరోవైపు సంకేతమై సాయపడుతుంది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడితే పరీక్షలో మార్కులు పోతాయి, వార్డులో మాట పోతుంది.

నస్రీన్ సాంబయ్య లింఫోసైట్లను కూడా లేపి చూసింది. వార్డులో ఉండగా తీసినవి ఇన్సులిన్ కలిపినా పెద్దగా స్పందించలేదు. షుగర్ జబ్బులో కండరం ఇన్సులిన్‌ను పట్టించుకోనట్టే ఈ కణాలూ పట్టించుకోకుండా పోతాయేమో అనుకున్నాం. పుండు మానాక, చక్కెర అదుపులో ఉండగా మళ్లీ తీస్తే కొంత స్పందన కనిపించింది. నస్రీన్ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఒక్క మనిషి మీద చూసిందని నేను రాయించి, అంతకుమించి ఒక్క మాట కూడా రాయనివ్వలేదు.

సాంబయ్య మళ్లీ మగ్గంలోకి దిగాడు. బొటనవేలు లేని కాలికి మెత్తటి బూటు వేసుకుని తొక్కడం నేర్చుకున్నాడు. సూది తనే పొడుచుకునేవాడు. మొదట్లో భాగ్యమ్మ మొహం తిప్పుకునేదట.

ఒక్క వాక్యం అడిగినవాళ్లు

మా పని సంగతి ఎలా బయటికి పొక్కిందో, ఒక ప్రైవేటు క్లినిక్ నుంచి ఒకాయన వచ్చాడు. రోగనిరోధక శక్తి పెంచే ఇన్సులిన్ చికిత్స అని కరపత్రం వేస్తామన్నాడు. షుగర్ లేనివాళ్లకు కూడా.

"మీరు ఒక్క వాక్యం రాసిస్తే చాలు మేడం. తెల్లకణాలు ఇన్సులిన్‌తో చురుకవుతాయని. మీరు తేల్చిందే కద."

"నేను తేల్చింది గొట్టంలో కణాల గురించి. షుగర్ లేని మనిషికి ఇన్సులిన్ పొడిస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతాడు, ప్రాణం కూడా పోవచ్చు. ఆ వాక్యం రాసిస్తాను, వేసుకోండి," అన్నాను.

ఆయన మళ్లీ రాలేదు. మీ ఉద్యోగంలో ఇలాంటివాళ్లు తప్పకుండా వస్తారు. మీరు చూసిన నిజంలోంచి సగం తుంచి పట్టుకుపోవడానికి వస్తారు. ఇవ్వకండి.

ఆసరా

రిటైర్ కావడానికి కొద్దిగా ముందు, ఒక ఉదయం ల్యాబ్ వరండాలో భాగ్యమ్మ కనిపించింది. సాంబయ్యకు ఏమైనా అయిందా అని గబగబా దగ్గరికి వెళ్లాను.

"ఆయన మంచిగనే ఉన్నడు మేడం. మగ్గం మీద ఉన్నడు. గీమెను తోలుకొచ్చిన," అంది. వెనక ఒక నడివయసు స్త్రీ గోడను ఆనుకుని నిలబడి ఉంది, వాళ్ల వాడలోనే ఉంటుందట. ఆమె పాదం వైపు చూశాను. చిటికెన వేలి దగ్గర చిన్న పుండు, చుట్టూ కొద్దిగా ఎరుపు. అంతే.

"ఇంట్ల అందరు ఏం గాదు, పసుపు వెట్టు మానుతదన్నరు. సూది వెడితే కాలు వోతదని ఈమె గూడ ఏడుస్తాంది. నేను ఊకోలే." భాగ్యమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "ఇంక నల్లగ కాలే మేడం. గందుకే ఇయ్యాల్నే తోలుకొచ్చిన."

రక్తం తీయించి, ఆ రిపోర్టు మిషన్‌లోంచి వచ్చేదాకా వాళ్లిద్దరి పక్కనే బెంచీ మీద కూర్చున్నాను.